'టేక్'కు దగ్గరి చుట్టం 'పట్టు'

విజయవాడలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తూ, బ్రిటన్ వెళ్లడానికి ఓఈటీకి (వైద్యరంగంలో పనిచేసేవారికి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) తయారవుతున్న మీరు రాసింది ఇది: "'టేక్' అనే ఒక్క క్రియకు ఎనభై ప్రయోగాలున్న జాబితా దొరికితే బట్టీ పట్టాను. పది రోజులు పట్టింది. నెల తిరగకముందే పన్నెండు మిగిలాయి. ఇప్పుడు తల పట్టుకుని కూర్చున్నాను. ఇన్ని అర్థాలు ఎలా గుర్తుంటాయి? మనం ఇక్కడ వాడే వాటిలో అక్కడ చెల్లనివి ఏవి? 'టేక్'కూ 'బ్రింగ్'కూ తేడా ఏమిటి?"

నేను ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పాను. పదవీ విరమణ తర్వాత విదేశాలకు వెళ్లే నర్సులకు పాఠాలు చెబుతున్నాను. మీ చేతిలో ఉన్నలాంటి జాబితాలు ఒకప్పుడు నేనే తయారుచేసి పంచాను కాబట్టి మీ అవస్థలో నాకూ కొంత పాపం ఉంది. ఆ జాబితా ఎందుకు నిలవదో మీ ప్రశ్నలోనే కనిపిస్తోంది. మళ్లీ ఒకసారి చదువుకోండి. బట్టీ పట్టాను, పది రోజులు పట్టింది, తల పట్టుకున్నాను. నాలుగైదు వాక్యాల్లో మూడు 'పట్టు'లు వాడారు. వాటికి ఏ జాబితా చూశారు?

రేపు అక్కడ మీతోపాటు వార్డులో పనిచేసే ఆవిడ ఒకరు తెలుగు నేర్చుకుంటానని వచ్చి, 'పట్టు' అంటే ఏమిటని అడిగారనుకోండి. చేత్తో పట్టుకోవడమని చెబుతారు. ఆవిడ బుద్ధిగా రాసుకుంటారు. ఆ తర్వాత మీ ఇంట్లో ఒక్క పూట గడిపితే చాలు. రాత్రి నిద్ర పట్టలేదు, బిడ్డకు పాలు పట్టాలి, ముక్కకు ఉప్పు పట్టలేదు, గోధుమలు పిండి పట్టించాలి, గేటుకు తుప్పు పట్టింది, ఈ డబ్బాలో రెండు కిలోలు పట్టవు, మామయ్య పంతం పట్టారు, వాళ్ల గొడవ మనకు పట్టదు, ఏమీ తప్పు పట్టకండి. పాపం, సాయంత్రానికి ఆవిడ పుస్తకం నిండిపోతుంది. మీకు మాత్రం ఇవి వేరువేరు అర్థాలన్న సంగతే ఇన్నేళ్లలో తోచి ఉండదు. మీరు 'పట్టు'ను ఎన్నడూ ఒంటరిగా నేర్చుకోలేదు. నిద్రతో కలిపి, పాలతో కలిపి, తుప్పుతో కలిపి నేర్చుకున్నారు.

ఏ భాషలోనైనా బరువంతా మోసేవి ఇలాంటి చిన్న క్రియలే. ఆక్స్‌ఫర్డ్ మహా నిఘంటువు 1989 నాటి కూర్పులో 'సెట్' అనే క్రియకు 430 దాకా అర్థాలిచ్చారు. తర్వాత 'రన్' దాన్ని దాటేసింది. ఆ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిలివర్ తొమ్మిది నెలలు కూర్చుని ఆ ఒక్క క్రియకు 645 అర్థాలు తేల్చారని 2011లో పత్రికల్లో వచ్చింది. ఇంగ్లీషువాళ్లలో ఎవరూ ఆ 645 చదివి పరుగెత్తడం నేర్చుకోలేదు. మీరూ ఎనభై చదవనక్కరలేదు.

ఇక అసలు విషయం. మనకు మూడో తరగతిలో 'టేక్ అంటే తీసుకొను' అని చెప్పేశారు. చిక్కంతా అక్కడ మొదలైంది. తెలుగు 'తీసుకొను'లో చివర 'కొను' ఉంది. తన కోసం, తన వైపుకు అన్న సూచన దాని పని. ఇంగ్లీషు 'టేక్'లో ఆ స్వార్థం తప్పనిసరి కాదు. అందుకే 'తీసుకొను' పెట్టి చూస్తే సగం ప్రయోగాలు పొసగవు, పొసగనివన్నీ మనకు 'జాతీయాలు'గా, బట్టీ పట్టాల్సినవిగా కనిపిస్తాయి. నన్నడిగితే 'టేక్'కు తెలుగులో దగ్గరి చుట్టం 'పట్టు'. 'తీసుకొను' దానికి దూరపు బంధువు.

ఇది ఊరికే అనడం లేదు. 'టేక్' పుట్టుకతో ఇంగ్లీషు మాట కాదు. పాత ఇంగ్లీషులో ఆ పనికి 'నిమన్' అనే క్రియ ఉండేది. దాని తోబుట్టువు 'నేమెన్' జర్మన్‌లో ఇప్పటికీ రోజువారీ మాటే. తొమ్మిదో శతాబ్దంలో ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు ఇంగ్లండు తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో స్థిరపడ్డాక వాళ్ల నోర్స్ భాషలోని 'టాకా' అక్కడ వేళ్లూనుకుని, మెల్లగా 'నిమన్'ను ఇంట్లోంచి గెంటేసింది. 'టాకా' అంటే చేత పట్టు, తాకు. (ఇది చదివి మన 'తాకు'కూ దానికీ చుట్టరికం కలపబోకండి. అలాంటి పోలికలు కాకతాళీయం.) వెళ్లగొట్టిన 'నిమన్' జాడ ఒకటి మీరు రోజూ కేస్ షీటులో రాస్తుంటారు. 'నమ్‌నెస్' అని రాస్తారే, ఆ 'నమ్' పుట్టింది 'నిమన్' నుంచే. పట్టుబడిన అవయవం అని భావం. మన రోగులు ఏమంటారో గుర్తుచేసుకోండి: కాలు తిమ్మిరి పట్టింది, మెడ పట్టేసింది. వందల ఏళ్ల కిందట ఆ చలిదేశంలో వాళ్లకు తోచింది, ఇక్కడ మనకు తోచింది ఒక్కటే.

మన 'కొను' కథ కూడా తక్కువది కాదు. ఇవాళ కొనడమంటే డబ్బిచ్చి కొనడమే గానీ, పాత తెలుగులో అది అచ్చంగా 'టేక్'. కావ్యాల్లో 'కొనిపోయె' అంటే తీసుకుపోయాడని. ఆ పాత 'కొను' 'పాల్గొను'లో ఇంకా బతికే ఉంది. పాలు అంటే భాగం, కొను అంటే తీసుకొను. ఇంగ్లీషులో 'టేక్ పార్ట్' అన్నా సరిగ్గా అదే. ఈ ఒక్కటి మా విద్యార్థులెవరూ మరిచిపోయినట్టు నేను చూడలేదు. అలాగే 'టేక్ లీవ్' అంటే సెలవు పెట్టడం, ఒకరి దగ్గర సెలవు తీసుకుని బయల్దేరడం కూడా. ఇంగ్లీషు 'లీవ్'కు అక్కడ మూలార్థం అనుమతి. మన సెలవుకూ అంతే. పెద్దలు 'సెలవిస్తే' మనం 'సెలవు తీసుకుంటాం'.

ఇప్పుడు మీ ఎనభైని తిరగేద్దాం. అందులో సగానికి పైగా 'టేక్' పక్కన ఒక నామవాచకం ఉన్నవే అయి ఉంటాయి. వీటిలో క్రియకు సొంత అర్థం దాదాపు ఉండదు, పక్కనున్న పేరు చెప్పినట్టు నడుచుకుంటుంది. క్రియను వేలితో మూసేసి పేరును మాత్రం చూడండి. 'టేక్ ఎ సీట్'లో కుర్చీ కనిపిస్తుంది, కాబట్టి కూర్చోండి. 'టేక్ ఎ డీప్ బ్రెత్' అంటే గట్టిగా ఊపిరి పీల్చండి. 'టేక్ ఎ లుక్' అంటే ఒకసారి చూడండి. రక్తం పక్కన ఉంటే తీయడం, ఉష్ణోగ్రత పక్కన ఉంటే చూడడం, బస్సు పక్కన ఉంటే ఎక్కడం, నోట్సు పక్కన ఉంటే రాసుకోవడం. మనకు మాత్రం ఇది కొత్తా? స్నానం 'చేస్తాం', భయం 'పడతాం', చలి 'వేస్తుంది', కునుకు 'తీస్తాం'. కునుకును ఏ పెట్టెలోంచి తీస్తామని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు. ఏ పేరుకు ఏ క్రియ జత అన్నది భాష ఎప్పుడో కుదిర్చిన పెళ్లి.

మందుల దగ్గర మాత్రం కాస్త ఆగాలి, అది మీ వృత్తి కాబట్టి. తెలుగులో మాత్ర వేసుకుంటాం, సిరప్ తాగుతాం, ఇంజెక్షన్ చేయించుకుంటాం. ఇంగ్లీషులో మాత్రకూ సిరప్‌కూ ఒకటే 'టేక్'. సిరప్ విషయంలో మన పిల్లలు 'డ్రింక్' అనేస్తారు. రోగికి అర్థమవుతుంది గానీ వినడానికి వింతగా ఉంటుంది. ఇంజెక్షన్‌కు అక్కడ ఎక్కువగా 'హావ్' వాడతారు. ఇంకొకటి గమనించండి. 'డు యు టేక్ షుగర్?' అని అక్కడ టీ ఇచ్చే మనిషి అడిగితే మీ రక్తంలో చక్కెర గురించి కాదు. టీలో పంచదార వేసుకుంటారా అని. మన దగ్గర 'మీకు షుగర్ ఉందా' అనే ప్రశ్నకు అలవాటుపడిన చెవికి ఇది మొదటి రోజే తగులుతుంది.

ఈ 'పట్టు' పోలిక నాకు తట్టడానికి కారణం నా విద్యార్థిని ఒకామె చెప్పిన సంగతి. ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో చేరిన మొదటి నెలలో, శస్త్రచికిత్స అయిన పెద్దాయన ఒకరు రాత్రి డ్యూటీలో 'ఐ కాంట్ టేక్ ఇట్ ఎనీ మోర్' అన్నారట. ఆమె చేతిలో ఆయనకు ఇవ్వాల్సిన మాత్ర ఉంది. మాత్ర వద్దంటున్నారనుకుని, రోగి మందు నిరాకరించారని రాసుకుని వెళ్లిపోయిందట. ఆయన అన్నది నొప్పి ఇక భరించలేనని. పది నిమిషాల్లో సీనియర్ నర్సు చూసి సరిదిద్దింది కాబట్టి సరిపోయింది. 'తీసుకొను' తలలో ఉంటే ఆ మాట 'నేనిక తీసుకోలేను' అవుతుంది, కళ్లు మాత్రవైపు వెళతాయి. 'పట్టు' తలలో ఉంటే 'ఇక నా వల్ల కాదు, ఇక పట్టదు' అని వినిపిస్తుంది. ఒక పాత్రలో ఎంత పడుతుందన్న లెక్కే ఇది. బస్సు యాభై మందిని 'టేక్' చేస్తుంది, వంతెన ఇంత బరువు 'టేక్' చేస్తుంది, మనిషి ఇంత బాధ 'టేక్' చేస్తాడు. మూడింటిలోనూ ప్రశ్న ఒక్కటే: ఎంత పడుతుంది?

సమయం కూడా అంతే. ఎంతసేపు పట్టింది, ఎన్ని రోజులు పట్టింది అన్న ప్రతి చోటా కళ్లు మూసుకుని 'టేక్' పెట్టండి. తెలుగువాళ్లు ఇక్కడ అనవసరంగా తడబడతారు. తెలుగు వాక్యంలో 'ఇది' అన్న కర్త ఉండదు. 'గంట పట్టింది' అంటే చాలు. ఇంగ్లీషులో ముందు 'ఇట్' తగిలించాల్సిందే, 'ఇట్ టుక్ ఎన్ అవర్'. ఆ 'ఇట్'కు అర్థం వెతకకండి, కుర్చీ ఖాళీగా ఉంచకూడదని కూర్చోబెట్టిన బొమ్మ అది. 'టేక్ యువర్ టైమ్' అంటే నిదానంగా కానివ్వండి, తొందరేమీ లేదని. రోగికి చెప్పడానికి ఇంతకంటే మంచి మాట లేదు. ఇంకా ముందుకు వెళితే, చర్మం అతికించిన చోట అది నాటుకుంటే 'ది గ్రాఫ్ట్ హాజ్ టేకెన్' అంటారు. తీసుకున్నది ఎవరు, ఏమిటి అని ఆలోచిస్తే బుర్ర వేడెక్కుతుంది. బట్టకు రంగు పట్టినట్టు, ఒంటికి చర్మం పట్టింది, అంతే.

ఇక 'ఆఫ్', 'ఇన్', 'ఆన్', 'అప్' లాంటి చిన్న మాటలు వెనక చేరే ప్రయోగాలు. వీటికి భయపడని విద్యార్థిని నేను చూడలేదు. కానీ తెలుగులో మనం చేసేదీ ఇదే, సరంజామా వేరు. వాళ్లు క్రియ వెనక ఒక చిన్న దిక్కు మాట తగిలిస్తారు, మనం ఇంకో క్రియ తగిలిస్తాం. తీసేయండి, తీసిపెట్టండి, తీసుకెళ్లండి, తీసిపారేయకండి. మొదటి 'తీయు' అన్నింటిలో ఒకటే, పని మార్చేది రెండోది. 'తీసిపారేయకండి'లో చెత్తబుట్ట ఏదీ లేదు, మనిషిని తక్కువ చేయకండి అని భావం. సరిగ్గా అలాగే 'టేక్' తర్వాత వచ్చే చిన్న మాట వైపు చెవి పెట్టాలి.

'ఆఫ్' అంటే అంటుకుని ఉన్నది విడిపోవడం. చెప్పులు కాలినుంచి విడిపోతే విప్పడం, విమానం నేలనుంచి విడిపోతే ఎగరడం, పనినుంచి రెండు రోజులు విడిపోతే సెలవు, బిల్లునుంచి వంద విడిపోతే తగ్గింపు. ఒకరి నడకనూ మాటనూ ఊడబెరికి మనం వేసుకుంటే అనుకరణ. ఇన్నింటికీ 'టేక్ ఆఫ్' ఒక్కటే. ఐదు అర్థాలని రాసుకుంటే ఐదూ పోతాయి. విడిపోవడం అన్న ఒక్క బొమ్మ పెట్టుకుంటే ఆరోది ఎదురైనా ఊహించగలరు.

'ఇన్' నాకు ఇష్టమైనది. లోపలికి రావడం. నిలువ నీడ లేని మనిషిని ఇంట్లోకి రానిస్తే ఆశ్రయం. జాకెట్టు వదులైతే దర్జీ పక్కన కుట్టు వేసి బిగిస్తాడు, అదీ 'టేక్ ఇన్' (వదులు చేయడం 'లెట్ అవుట్'). ఎవరో చెప్పిన కట్టుకథ మనల్నే లోపలికి లాగేసుకుంటే మోసపోవడం. అప్పుడు వాక్యం తిరగబడుతుంది, మోసపోయినవాడు 'టేకెన్ ఇన్' అవుతాడు. చెప్పిన విషయం బుర్రలోకి వెళ్లడం కూడా ఇదే. ఇక్కడ మీకు ఒక హెచ్చరిక. పెద్ద జబ్బని డాక్టరు చెప్పి వెళ్లాక రోగి 'ఐ కాంట్ టేక్ ఇట్ ఇన్' అనవచ్చు. విన్నది ఇంకా మనసుకు ఎక్కడం లేదని. చివరి 'ఇన్' లేకపోతే అదే వాక్యం భరించలేనని. మొదటి మనిషికి మీరు పక్కన కూర్చుని మళ్లీ నెమ్మదిగా చెప్పాలి, రెండో మనిషికి నొప్పి ఎంతుందో అడగాలి. ఓఈటీ మాట్లాడే పరీక్షలో రోగితో సంభాషణ రెండుసార్లు నటించాల్సి ఉంటుంది కదా, ఇలాంటి మాట పట్టుకున్నవాళ్లకు అక్కడ పని తేలిక.

మిగిలినవాటిని త్వరగా దాటేస్తాను. 'టేక్ ఆన్' భుజాన వేసుకోవడం. 'టేక్ ఓవర్' ఒకరి చేతిలోంచి బాధ్యత మన చేతికి రావడం, షిఫ్టు మారేటప్పుడు రోజూ వింటారు. 'టేక్ అప్' కొత్త అలవాటో వ్యాపకమో మొదలుపెట్టడం, చోటునో కాలాన్నో ఆక్రమించడం. 'టేక్ డౌన్' రాసుకోవడం, లేదా గోడమీదున్నది దించడం. 'టేక్ బ్యాక్' అంటే మనం అన్న మాటను వెనక్కి తీసుకోవడం. 'టేక్ ఆఫ్టర్' పోలిక. బిడ్డ తల్లి పోలిక అనడానికి, ముఖంలోనే కాదు బుద్ధిలోనూ. దీన్ని 'లుక్ ఆఫ్టర్'తో కలిపేయకండి, అది చూసుకోవడం. 'టేక్ టు' అంటే ఇట్టే అలవాటుపడడం, మనసుకు నచ్చడం. పసిబిడ్డ సీసాకు అలవాటుపడిందన్నా 'బాటిల్'తో ఇదే ప్రయోగం, నలభై ఏళ్ల మనిషి తాగుడుకు అలవాటుపడ్డాడన్నా ఇదే. మన 'మందు' లాగే సీసాకు కూడా రెండు ముఖాలు. 'టేక్ ఇట్ అవుట్ ఆన్' అన్నదానికి అర్థం చెప్పను, తెలుగు చెబుతాను: అత్త మీద కోపం దుత్త మీద చూపించడం.

వాక్యంలో వీటి వరస గురించి ఒకే నియమం గుర్తుంచుకోండి. విప్పేదో తీసేదో పేరుతో చెబితే అది మధ్యలోనైనా చివరైనా ఉండవచ్చు. 'టేక్ ఆఫ్ యువర్ షర్ట్' అన్నా 'టేక్ యువర్ షర్ట్ ఆఫ్' అన్నా ఒకటే. సర్వనామం అయితే మధ్యలోకే రావాలి. 'టేక్ ఇట్ ఆఫ్' అంటారు, 'టేక్ ఆఫ్ ఇట్' అనరు. 'ఆఫ్టర్', 'టు' ఉన్నవి మాత్రం విడదీయడానికి లొంగవు. ఇంతకుమించి వ్యాకరణం మీకు ఇప్పుడు అక్కరలేదు. ఆ, 'డిడ్ నాట్' తర్వాత 'టుక్' రాదు, 'టేక్' వస్తుంది. ముప్పై ఏళ్లు దిద్దిన చేయి కనుక చెప్పకుండా ఉండలేను.

కొన్నింటిని ఏ బొమ్మతోనూ ఊహించలేం, అచ్చంగా గుర్తుపెట్టుకోవాలి. అవి పదీ పదిహేను మించవు. 'టేక్ హార్ట్' అంటే ధైర్యం తెచ్చుకో. మధ్యలో 'ఇట్', 'టు' చేరి 'టేక్ ఇట్ టు హార్ట్' అయితే మనసుకు తీసుకోవడం, నొచ్చుకోవడం. 'డోంట్ టేక్ ఇట్ టు హార్ట్' అంటే మనసులో పెట్టుకోకండి. 'టేకెన్ అబ్యాక్' నివ్వెరపోవడం. ఎదురుగాలికి ఓడ తెరచాపలు వెనక్కి, స్తంభంమీదకు ఒత్తుకుపోయి ఓడ నిలిచిపోయేదట, నావికుల మాట అలా ఇళ్లలోకి వచ్చింది. 'టేక్ ఎ టర్న్ ఫర్ ది వర్స్' పరిస్థితి విషమించడం, మీకు తప్పకుండా కావాలి.

'టేక్ ఫర్ గ్రాంటెడ్' దగ్గర అనువాదకులందరూ చేతులెత్తేస్తారు. తెలుగులో దానికి ఒక్క మాట లేదు, రెండు మాటలున్నాయి. సంగతుల విషయంలో అయితే 'ఎలాగూ ఉంటుందిలే' అనుకోవడం. కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయని అనుకోవడం లాంటిది. మనుషుల విషయంలో అయితే అలుసు, లోకువ. రోజూ వండిపెట్టే తల్లిని ఇంట్లోవాళ్లు చూసే తీరు ఉంటుందే, అది. ఫలానా భర్త తనను అలా చూస్తున్నాడని ఎవరైనా అంటే 'అలుసైపోయాను' అని వినండి, భావం పూర్తిగా అందుతుంది.

'ఐ టేక్ ఇట్' అని మొదలయ్యే వాక్యం మరొకటి. 'ఐ టేక్ ఇట్ యు ఆర్ ది న్యూ నర్స్' అంటే, కొత్తగా వచ్చిన నర్సు మీరేనన్నమాట. ఆ 'అన్నమాట' ఎంత సరిగ్గా కుదురుతుందో చూడండి. తెలియకపోతే, ఆయన ఏదో తీసుకుంటున్నాడేమోనని చూస్తూ నిలబడతాం.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. మన దేశపు ఇంగ్లీషును తప్పుల కుప్ప అనే పెద్దమనుషులతో నేను ఏకీభవించను. ఇక్కడ కోట్లమంది మధ్య చెల్లే నాణెం అది. అక్కడ చెల్లనివి తెలుసుకుంటే చాలు. 'టేక్ లంచ్', 'టేక్ ఫుడ్' మన 'భోజనం తీసుకున్నారా' నుంచి వచ్చినవి, అక్కడ 'హావ్' అంటారు. 'టేక్ రెస్ట్' అందరికీ అర్థమవుతుంది, కానీ 'గెట్ సమ్ రెస్ట్' అలవాటు చేసుకోండి. 'టెన్షన్ తీసుకోకండి'ని మాత్రం ఇక్కడే వదిలి వెళ్లండి, 'డోంట్ వర్రీ' చాలు. పరీక్ష దగ్గర మనం 'రాశాను' కాబట్టి 'రైట్' అంటాం, హిందీవాళ్లు 'ఇచ్చాను' కాబట్టి 'గివ్' అంటారు, అక్కడివాళ్లు 'టేక్' అంటారు. 'టేక్ ఎ కాల్' మన ఆఫీసుల్లో నిర్ణయం తీసుకోవడం, అక్కడ ఎక్కువమందికి ఫోను ఎత్తడం. అమెరికా వెళ్లిన మేనల్లుడు 'క్లాసు టేక్ చేస్తున్నాను' అంటే పాఠం చెబుతున్నాడని మురిసిపోకండి, చదువుకుంటున్నాడు.

వీటన్నిటికంటే ఎక్కువగా ఇబ్బందిపెట్టేది 'తీసుకోండి'. మనం ఏదైనా చేతికందిస్తూ ప్రేమగా 'తీసుకోండి' అంటాం. మర్యాదంతా ఆ చివరి 'అండి'లో ఉంది. అదే 'టేక్ ఇట్' అయ్యేసరికి 'అండి' రాలిపోయి, ఇంద పట్టు అన్నట్టు మోటుగా తయారవుతుంది. ముందు 'ప్లీజ్' చేర్చినా అంతంతమాత్రమే. రోగి చేతికి మాత్రల గిన్నె ఇస్తూ 'హియర్ యు ఆర్' అనండి. ఇంటికొచ్చినవారికి మిఠాయి పళ్లెం చాపుతూ 'డు హావ్ సమ్' అనండి. చొక్కా విప్పమనాలంటే 'కుడ్ యు' అని మొదలుపెట్టండి. మనం క్రియ చివర పెట్టే మర్యాదను వాళ్లు వాక్యం మొదట్లో పెడతారు.

పద్ధతి ఏమిటంటారా? జాబితా అవతల పెట్టండి. ఒక నోటుబుక్కులో ఎడమవైపు మీ వార్డులో మీరు నిజంగా అన్న తెలుగు వాక్యం రాయండి, 'టేక్' ఊసు లేకుండా. 'రాత్రి మాత్ర వేసుకున్నారా?' 'రిపోర్టు రావడానికి ఎంతసేపు పడుతుంది?' 'ఆ గాజులు తీసేయండమ్మా.' 'అచ్చం వాళ్ల నాన్న పోలిక.' కుడివైపు ఇంగ్లీషు వాక్యం మొత్తం రాయండి, ఒంటి మాట వద్దు. మర్నాడు కుడివైపు మూసి, తెలుగు చూసి చెప్పుకోండి. రోజుకు రెండు వాక్యాలు చాలు. డ్యూటీ చేసే మనిషి అంతకంటే ఎక్కువ రాస్తే వారానికి మానేస్తారు, ఎంతోమందిని చూశాను. మూడు నెలలకు మీ దగ్గర నూట ఎనభై వాక్యాలుంటాయి. ప్రతిదాని వెనకా ఒక మంచం నంబరు, ఒక ముఖం ఉంటాయి కనుక పోవు.

ఇక 'బ్రింగ్'. ఇది మీకు వచ్చు, రాదనుకుంటున్నారు. ఇక్కడినుంచి అవతలికి అయితే 'టేక్', అవతలినుంచి ఇక్కడికి అయితే 'బ్రింగ్'. తెలుగులో 'తీసుకెళ్లు', 'తీసుకురా'. ఎక్స్‌రేకు తీసుకెళ్లండి, ఎక్స్‌రే తీసుకురండి అనడంలో మీరు ఎప్పుడూ పొరబడరు కదా, అక్కడా పొరబడరు. కొంచెం తికమకపెట్టేది ఒక్కటే. మీరు నర్సుల గదిలో ఉన్నారు, రోగి పిలిచి నీళ్లడిగారు. నీళ్లు మీ దగ్గరినుంచి దూరంగా పోతున్నాయి కనుక 'టేక్' అనాలనిపిస్తుంది. కానీ తెలుగులో ఆ మనిషికి ఏమని బదులిస్తారు? 'తీసుకెళ్తాను' అనరు, 'తెస్తున్నానండీ' అంటారు. వినే మనిషి ఉన్న చోటే అప్పటికి 'ఇక్కడ' అవుతుంది. ఇంగ్లీషులోనూ అదే లెక్క: 'ఐ విల్ బ్రింగ్ ఇట్ టు యు.' అదే మాట పక్కనున్న సహోద్యోగితో చెబితే, నాలుగో మంచం ఆయనకు నీళ్లు తీసుకెళ్తున్నానని, అప్పుడు 'టేక్'.